తెర ఇరుకైతే లైను ఎక్కడ విరుగుతుంది? టీమక్స్‌లో వ్రాప్ వెనుక లెక్క

క్లుప్తంగా: టీమక్స్ ఒక టెర్మినల్ మల్టీప్లెక్సర్, అంటే కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరను పేన్లనే భాగాలుగా పంచి, నెట్ తెగినా పనిని (సెషన్‌ను) నిలిపి ఉంచే ప్రోగ్రామ్. చోటు చాలని లైనును కింది వరుసకు విరవడమే వ్రాప్. పేన్ వెడల్పు మారినప్పుడు టీమక్స్ తాను విరిచిన వరుసలను మాత్రమే మళ్లీ కలపగలదు. ప్రోగ్రామే లైను ముగించి పంపినవీ, కర్సర్‌ను జరుపుతూ గీసినవీ దాని చేతిలో ఉండవు. తెర మీద కనిపించే గజిబిజిలో ఎక్కువ భాగానికి మూలం ఇదే. ఒకే సెషన్‌కు రెండు సైజుల తెరలు తగిలించడం రెండో కారణం. తెలుగు రాసేవారికి అక్షరాల వెడల్పు లెక్క మూడో తలనొప్పి.

భీమవరం, కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనూ, కోనసీమ ఊళ్లలో ఇంటి నుంచి పనిచేసేవారి దగ్గరా టీమక్స్ వాడకానికి కారణం దాదాపు ఒకటే. ఇక్కడ కరెంటు పోయినా, తుపాను రోజుల్లో నెట్ తెగినా ఎక్కడో సర్వర్ మీద నడుస్తున్న పని ఆగదు. లైన్ రాగానే అదే సెషన్‌లోకి మళ్లీ వెళ్లొచ్చు. చిక్కల్లా తెర మారినప్పుడే. ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టిన సెషన్‌ను ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ నుంచి తెరిచి, మళ్లీ ల్యాప్‌టాప్‌కు వస్తే కొన్ని లైన్లు చక్కగా సర్దుకుంటాయి, కొన్ని ముక్కలుగానే మిగిలిపోతాయి. కమాండ్ టైపు చేయమని చూపే ప్రాంప్ట్ రెండు మూడు సార్లు కనిపిస్తుంది. ఒకే తెర మీద ఒకటి బాగుండి ఇంకొకటి చెడిపోవడం చూసి దీన్ని సాఫ్ట్‌వేర్ లోపమనుకునేవారు ఎక్కువ. చాలాసార్లు అది లోపం కాదు.

రొయ్యల చెరువుల లాగ్‌నే తీసుకుందాం. చెరువు నంబరు, సమయం, నీటిలో కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, ఏరేటర్ల స్థితి అన్నీ కలిపి ఒక్కో నమోదు 110 అక్షరాలు ఉందనుకుంటే, 160 కాలమ్‌ల ల్యాప్‌టాప్ తెరలో అది ఒకే వరుస. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో 45 కాలమ్‌లే ఉంటే అదే నమోదు 45, 45, 20 చొప్పున మూడు వరుసలవుతుంది. తిరిగి ల్యాప్‌టాప్‌కు వచ్చాక ఈ మూడూ ఒకటి కావాలంటే, అవి ఒకే లైను తాలూకు ముక్కలని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఉండాలి.

టెర్మినల్‌కు తెలిసింది గళ్లే

టెర్మినల్‌కు పేరాలు, వాక్యాలు తెలియవు. దానికి తెలిసింది గళ్ల పట్టిక మాత్రమే. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, దాని రంగు ఉంటాయి. 1978లో వచ్చిన డెక్ కంపెనీ వీటీ100 మోడల్‌లో ఈ పట్టిక 80 కాలమ్‌లు, 24 వరుసలు. 132 కాలమ్‌ల అమరిక కూడా ఉండేది. నేటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లన్నీ చాలావరకు ఆ యంత్రం పద్ధతులనే పాటిస్తున్నాయి.

వ్రాప్ జరిగే తీరులో ఒక సూక్ష్మం ఉంది. 80వ గడిలో అక్షరం పడగానే కర్సర్ కింది వరుసకు దూకదు. అక్కడే ఆగి చూస్తుంది. ఆ తర్వాత ఇంకో అక్షరం వస్తేనే కింది వరుసకు దిగి, దాన్ని మొదటి గడిలో వేస్తుంది. అక్షరానికి బదులు కొత్త లైను సంకేతం వస్తే మామూలుగా కిందికి దిగుతుంది, మధ్యలో ఖాళీ వరుస మిగలదు. సరిగ్గా 80 అక్షరాలున్న లైను 80 కాలమ్‌ల తెరలో ఒకే వరుసగా నిలవడానికి కారణం ఈ ఆగడమే. చోటు చాలక కిందికి దిగిందా, లైను ముగిసి దిగిందా అన్నది తేలేది కూడా ఈ క్షణంలోనే.

ఒక్క గుర్తు మీద ఆధారపడిన పని

చోటు చాలక దిగినప్పుడు టీమక్స్ పై వరుసకు ‘ఇది కిందికి కొనసాగుతోంది’ అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. లైను ముగిసి దిగితే గుర్తు ఉండదు. జెల్లిజ్ అనే మరో మల్టీప్లెక్సర్ ఇదే సమాచారాన్ని తిరగేసి దాస్తుంది: ఏ వరుస అసలు లైనుకు మొదలో దానికి గుర్తు, గుర్తు లేనిది పైదాని కొనసాగింపు. ఫలితం ఒకటే.

వెడల్పు మారగానే టీమక్స్ పైకి జరిగిపోయిన పాత వరుసల చరిత్రతో సహా పట్టిక మొత్తాన్ని మొదటి నుంచి నడుస్తుంది. వరుస కొత్త వెడల్పు కంటే పొడవైతే విరుస్తుంది. చోటు మిగిలి, గుర్తు ఉంటే కింది వరుసలోంచి అక్షరాలను పైకి లాగుతుంది. గుర్తు లేకపోతే చేయి పెట్టదు. కర్సర్ సంగతి కూడా ఇందులోనే చూసుకోవాలి. అది ఏ వరుసలో ఏ గడిలో ఉందన్నది పేర్చడం పూర్తయ్యాక అర్థం లేని సమాచారం కాబట్టి, ముందుగా దాన్ని ‘ఫలానా లైనులో ఫలానా అక్షరం దగ్గర’ అనే రూపంలోకి మార్చి, పేర్చాక మళ్లీ వరుస, గడి లెక్కలోకి తెస్తుంది.

దీన్ని స్వయంగా చూడటం తేలిక. సీక్ కమాండ్‌కు విడదీసే గుర్తుగా ఒక ఖాళీ ఇచ్చి 100 వరకు అంకెలు ఒకే లైనులో రాయిస్తే 291 అక్షరాలు వస్తాయి: అంకెలు 192, మధ్య ఖాళీలు 99. 80 కాలమ్‌లలో అది 4 వరుసలు, 40లో 8, 120లో 3. పేన్‌ను 80 నుంచి 40కి, మళ్లీ 80కి మార్చాక తిరిగి 4 వరుసలే కనిపిస్తే గుర్తులు సరిగా పనిచేస్తున్నట్టు.

అన్ని టెర్మినల్‌లకూ ఈ తెలివి లేదు. ఎక్స్‌టెర్మ్ తిరిగి పేర్చదు, ఇరుకు చేస్తే కుడి అంచున ఉన్నది తెగిపోతుంది. పుట్టీ కూడా తిరిగి పేర్చదు. గ్నోమ్ టెర్మినల్‌కు ఈ సదుపాయం 2014లో వచ్చింది. ఫోన్‌లోని టెర్మక్స్ పేరుస్తుంది. అయితే టీమక్స్ లోపల ఉన్నప్పుడు బయటి టెర్మినల్ సామర్థ్యంతో పెద్దగా పనిలేదు. టీమక్స్ దాని ప్రత్యామ్నాయ తెరను (పూర్తి తెర ప్రోగ్రామ్‌ల కోసం విడిగా ఉండే తెరను) ఆక్రమించి, ప్రతి గడినీ తానే గీస్తుంది. పుట్టీలోంచి వాడినా లోపలి లైన్లు సర్దుకోవడం ఇందుకే.

తిరిగి కలవనివి

ఫైళ్ల పేర్లను పక్కపక్క కాలమ్‌లుగా చూపే ఎల్‌ఎస్, తెర వెడల్పును ముందే అడిగి దానికి తగ్గట్టు లైన్లు తానే ముగిస్తుంది. 45 కాలమ్‌ల ఫోన్‌లో నడిపితే రెండు మూడు కాలమ్‌ల జాబితా వస్తుంది. దాన్ని 160 కాలమ్‌ల తెరలో చూసినా ఎడమ అంచునే ఇరుగ్గా ఉంటుంది. విశాలం కావాలంటే కమాండ్ మళ్లీ నడపాల్సిందే. కమాండ్ల వివరాలు చెప్పే మ్యాన్ పేజీలదీ ఇదే దారి. తెరిచిన క్షణంలోని వెడల్పుకే పేరా పేరుస్తుంది.

డేటాబేస్ పట్టికల సంగతి వేరు. ఒక్కో అడ్డువరుస నిజంగా ఒక లైనే కాబట్టి ఇరుకులో అవి చిందరవందరగా కనిపిస్తాయి గానీ, విశాలం చేయగానే యథాస్థితికి వస్తాయి. అంటే ఇరుకులో అసహ్యంగా కనిపించేది కోలుకుంటుంది, ఇరుకులో ముచ్చటగా అమరినది కోలుకోదు. చూపుకు తిరకాసుగా ఉన్నా లెక్క ప్రకారం సరైనదే.

డౌన్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో చూపే గీతలు ఇంకో రకం. అవి కర్సర్‌ను వరుస మొదటికి తెచ్చి పాతదాని మీదే మళ్లీ రాస్తాయి. 80 గడుల గీత 45 గడుల పేన్‌లో రెండు వరుసలవుతుంది. ‘వరుస మొదలు’ అంటే ఇప్పుడు రెండో వరుస మొదలే. పై ముక్క అలాగే మిగిలిపోయి, ప్రతి రాతకూ ఒకటి చొప్పున మెట్లలా పేరుకుపోతాయి. ప్రోగ్రామ్ కొత్త వెడల్పు తెలుసుకునేదాకా ఇది ఆగదు.

విమ్, లెస్, హెచ్‌టాప్ లాంటివి ప్రత్యామ్నాయ తెర మీద నడుస్తాయి. అక్కడ టీమక్స్ తిరిగి పేర్చే పని పెట్టుకోదు. కొత్త సైజు ప్రోగ్రామ్‌కు చెప్పి ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ తన దగ్గరున్న అసలు పాఠం నుంచి మొత్తం మళ్లీ గీస్తుంది. వెనకున్న మామూలు తెర పాత సైజులోనే భద్రంగా ఉండి, విమ్ మూసేశాక కొత్త వెడల్పుకు సర్దుకుంటుంది.

సైజు కబురు శివారుకు చేరేసరికి

ధవళేశ్వరం దగ్గర గేటు ఎత్తితే నీరు ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె దాటుకుని శివారు చేనుకు చేరడానికి సమయం పడుతుంది. ఈలోగా అక్కడి రైతు పాత మట్టం చూసే పని చేసుకుంటాడు. తెర సైజు కబురూ అంతే. ఫోన్ అడ్డంగా తిప్పగానే బయటి టెర్మినల్ కొత్త సైజును ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో ఆ టెర్మినల్ లెక్కలు ఉంచే టీటీవైకి చెబుతుంది. కెర్నెల్ సిగ్‌విన్చ్ అనే సిగ్నల్‌తో, దూరపు సర్వర్‌కు కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌ను తడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఆ మార్పును సందేశంగా అవతలి సర్వర్‌కు పంపుతుంది. అక్కడి టీటీవైలో సైజు మారి, మన తెరను సెషన్‌కు కలిపే టీమక్స్ క్లయింట్‌కు సిగ్నల్ అందుతుంది. క్లయింట్ తన టీమక్స్ సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ విండోను, అందులోని పేన్లను కొలిచి ఒక్కో పేన్ టీటీవైకి కొత్త సైజు ఇస్తుంది. చివరగా కమాండ్లు అందుకునే షెల్‌కు సిగ్నల్ అందుతుంది.

ఈ దారిలో షెల్ పాత వెడల్పునే నమ్మే కొద్ది క్షణాల్లోనే ప్రాంప్ట్ దయ్యాలు పుడతాయి. పొడవైన కమాండ్ సగం టైపు చేసి ఉన్నప్పుడు పేన్ ఇరుకైతే, టీమక్స్ దాన్ని రెండు నుంచి నాలుగు వరుసలకు పేర్చేస్తుంది. షెల్‌కు ఆ సంగతి తెలియదు. తన ప్రాంప్ట్ ఒక వరుస పైనే మొదలైందని లెక్కేసి అక్కడి నుంచి మళ్లీ గీస్తుంది. పై వరుసల్లో పాత ప్రాంప్ట్ మిగిలిపోతుంది. జెడ్‌షెల్‌లో కుడి అంచున సమయమో బ్రాంచ్ పేరో చూపే ప్రాంప్ట్ పెట్టుకున్నవారికి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ వరుస ఎప్పుడూ అంచు వరకు నిండే ఉంటుంది. కిట్టీ టెర్మినల్ షెల్‌తో ముందే ఒప్పందం పెట్టుకుని, పేర్చేముందు ప్రాంప్ట్‌ను చెరిపేసి షెల్ చేతే కొత్తగా గీయిస్తుంది. రోగం దొరికిన చోటే మందు వేయడమంటే అదే.

మౌస్‌తో మూల పట్టుకుని లాగితే సైజు పదుల సార్లు మారుతుంది. ప్రతిదానికీ లోపలి ప్రోగ్రామ్‌ను లేపితే తెర కొట్టుకుంటుంది కాబట్టి టీమక్స్ మొదటి మార్పును వెంటనే పంపి, తర్వాతివాటిని సుమారు పావు సెకను కూడబెట్టి ఒకటిగా పంపుతుంది.

బ్యాష్ షెల్‌లో ప్రతి కమాండ్ తర్వాత వెడల్పును మళ్లీ చూసుకునే చెక్‌విన్‌సైజ్ అనే సెట్టింగ్ ఉంది. 5.0 వెర్షన్ నుంచి అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. పాత సర్వర్‌లలో చేత్తో పెట్టుకోవాలి.

రెండు తెరలు, ఒక సెషన్

ల్యాప్‌టాప్‌ను సెషన్ నుంచి విడదీయకుండానే (డిటాచ్) ఫోన్‌నూ దానికి తగిలిస్తే (అటాచ్) విండో సైజు ఎవరిది? టీమక్స్ 2.9కు ముందు చిన్న తెరదే చెల్లేది. పెద్ద తెరలో మిగిలిన చోటంతా చుక్కలతో నిండిపోయేది. 2.9లో విండో-సైజ్ అనే ఆప్షన్ వచ్చింది: లార్జెస్ట్, స్మాలెస్ట్, మాన్యువల్, ఆపై లేటెస్ట్. 3.1 నుంచి డిఫాల్ట్ లేటెస్ట్, అంటే చివరగా మీట నొక్కిన తెరదే సైజు. ఫోన్‌లో ఒక మీట నొక్కగానే 160 కాలమ్‌ల విండో 45కు కుదించుకుపోవడం, ల్యాప్‌టాప్‌లో నొక్కగానే మళ్లీ విచ్చుకోవడం దీని పనే. ప్రతి మార్పుకూ పేర్చడం, సిగ్నల్, ప్రాంప్ట్ గీత అన్నీ మొదటి నుంచి జరుగుతాయి.

దీన్ని తప్పించుకోవడానికి దారులున్నాయి. అటాచ్ చేసేటప్పుడు -డి ఇస్తే మిగతా క్లయింట్లు విడిపోతాయి. ఒంటరిగా పనిచేసేవారికి ఇంతకంటే మేలైనది లేదు. ఫోన్‌లో ఊరికే చూడాలంటే 3.2 నుంచి ఇగ్నోర్-సైజ్ ఫ్లాగ్‌తో అటాచ్ కావచ్చు. ఫోన్ సైజును లెక్కలోకి తీసుకోరు, తెరలో విండోలోని ఒక ముక్క కనిపిస్తుంది, ప్రిఫిక్స్ (టీమక్స్ ఆదేశాలకు ముందు నొక్కే మీటలు) తర్వాత షిఫ్ట్‌తో బాణం మీటలు నొక్కి పక్కకు జరగొచ్చు. రీసైజ్-విండోతో 120 కాలమ్‌లని గట్టిగా బిగించడం మూడో దారి. అయితే ఆ కమాండ్ విండోను మాన్యువల్‌లో పెట్టేస్తుంది. తర్వాత విండో-సైజ్‌ను లేటెస్ట్‌కు తిప్పకపోతే ‘తెర ఎంత పెంచినా విండో పెరగడం లేదు’ అన్న ఫిర్యాదు మొదలవుతుంది.

టీమక్స్ లాంటిదే అయిన గ్నూ స్క్రీన్‌లో ఒకే విండో ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనిపిస్తుంటే దాని సైజు దానంతటదే మారదు. కంట్రోల్-ఎ తర్వాత పెద్ద ఎఫ్ నొక్కి ఫిట్ చేయాలి. కాస్త శ్రమ, కానీ అనుకోకుండా ఏదీ కుదించుకుపోదు.

నష్టపోయేది చరిత్రే

ఎత్తు మార్పు ప్రమాదం లేనిది. ఫోన్‌లో కీబోర్డ్ పైకి వస్తే వరుసలు తగ్గుతాయి, వెడల్పు మారదు. టీమక్స్ ముందు కర్సర్ కింది ఖాళీ వరుసలను తీసేసి, ఇంకా చాలకపోతే పై వరుసలను చరిత్రలోకి నెడుతుంది. కీబోర్డ్ దిగగానే వాటిని వెనక్కి లాగుతుంది.

వెడల్పు తగ్గడంలో మాత్రం నిజమైన నష్టం ఉంది. చరిత్ర ఎంత దాచాలో చెప్పే హిస్టరీ-లిమిట్ డిఫాల్ట్ 2000, అదీ లైన్లలో కాదు, తెర వరుసల్లో. 80 కాలమ్‌లకు నిండిన 2000 వరుసలు 40 కాలమ్‌లలో 4000 అవుతాయి. కొత్త అవుట్‌పుట్ వస్తుండగా పరిమితి దాటినవి పైనుంచి రాలిపోతాయి. తర్వాత ఎంత విశాలం చేసినా రాలినవి తిరిగి రావు. చెరువు లాగ్ పారుతున్న పేన్‌ను ఒక రాత్రంతా ఫోన్ సైజులో వదిలేస్తే తెల్లారేసరికి పాత నమోదుల్లో పెద్ద భాగం పోయినట్టే. పరిమితిని 20000కు పెంచుకోవచ్చు గానీ, అది ఆ తర్వాత తెరిచే పేన్లకే వర్తిస్తుంది. చరిత్ర పెద్దదైనకొద్దీ ప్రతి వెడల్పు మార్పుకూ పేర్చే పని కూడా పెరుగుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ బదులు మోష్ వాడేవారు ఇంకోటి గమనించాలి. నెట్ తరచూ తెగే చోట అది మంచిదే కానీ, కనిపించే తెరను మాత్రమే చేరవేస్తుంది, చరిత్రను మోయదు. అందుకే మోష్ లోపల టీమక్స్ పెట్టుకోవడం అలవాటుగా మారింది.

కాపీ చేసినప్పుడు

పొడవైన కమాండ్‌ను మౌస్‌తో కాపీ చేసి వేరేచోట వేస్తే మధ్యలో విరిగి, సగమే నడుస్తుంది. పేన్ విండో మొత్తం వెడల్పునా ఉంటే టీమక్స్ వీలైనంతవరకు బయటి టెర్మినల్ చేతే సహజంగా వ్రాప్ చేయిస్తుంది. అప్పుడు బయటి టెర్మినల్‌కూ కొనసాగింపు తెలుస్తుంది, కాపీ సరిగా వస్తుంది. పక్కపక్కనే రెండు పేన్లుంటే ఆ వీలు లేదు. 80 కాలమ్‌లలో సరిహద్దు గీతకు ఒకటి పోగా 40, 39 మిగులుతాయి. ఎడమ పేన్ 40వ గడి దగ్గర వ్రాప్ కావడం బయటి టెర్మినల్‌కు తెలిసే దారే లేదు. అప్పుడు టీమక్స్ సొంత కాపీ మోడ్ వాడాలి, అది గుర్తులు చూసి ముక్కలను కలుపుతుంది. స్క్రిప్టుల్లో క్యాప్చర్-పేన్‌కు పెద్ద జే ఆప్షన్ ఇదే పని చేస్తుంది. లేదా ప్రిఫిక్స్ తర్వాత జెడ్ నొక్కి పేన్‌ను తాత్కాలికంగా మొత్తం తెరకు పెంచి కాపీ చేసుకోవచ్చు.

తెలుగు అక్షరానికి ఎన్ని గడులు?

విరగాల్సిన చోటు తేల్చడానికి ప్రతి అక్షరం వెడల్పు తెలియాలి. తెలుగులో ఈ లెక్క తిన్నగా ఉండదు. యూనికోడ్ వర్గీకరణలో ా, ి, ీ, ె, ే, ొ, పొల్లు వంటివి చోటు తీసుకోని గుర్తులు. ు, ూ, ృ, సున్న, విసర్గ చోటు తీసుకునేవి. చాలాకాలంగా ఉన్న పద్ధతిలో మొదటి రకానికి వెడల్పు సున్నా, రెండో రకానికి ఒకటి. ఈ మధ్య కొన్ని లైబ్రరీలు రెండో రకానికీ సున్నాయే వేస్తున్నాయి.

కాకినాడ రెండు లెక్కల్లోనూ 4 గడులే. అమలాపురం పాత లెక్కలో 7, కొత్త లెక్కలో 5. రావులపాలెం కూడా 7, 5. టీమక్స్ ఒక లెక్క, బయటి టెర్మినల్ ఇంకో లెక్క వేస్తే అలాంటి ఒక్కో పేరుకు రెండేసి గడుల తేడా వస్తుంది. టీమక్స్ వరుస నిండిందనుకునే చోట బయటి తెరలో ఇంకా చోటు ఉంటుంది. పేన్ సరిహద్దు గీత వంకర్లు పోతుంది, పాత అక్షరాలు చెరగకుండా మిగులుతాయి.

లెక్క కుదిరినా ఒత్తుల బాధ ఉంది. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం. గడుల్లో అది మూడు: స్, త్, రీ. వరుస చివర ఒక్క గడే మిగిలితే స్ పైన, త్రీ కింద పడతాయి. విశాలం చేస్తే మళ్లీ కలుస్తాయి, ఎందుకంటే అది గుర్తున్న విరుపు. ఊళ్ల పేర్లు తెలుగులో ఉండే లాగ్‌లలో అంకెల కాలమ్‌లను ముందు, పేరును చివర పెడితే ఎన్ని గడుల తేడా వచ్చినా అంకెల అమరిక చెడదు. తెలుగు బదులు అండర్‌స్కోర్‌లు కనిపిస్తే అది వ్రాప్ సమస్య కాదు, సర్వర్‌లో యూటీఎఫ్-8 లొకేల్ (తెలుగు వంటి లిపులను గుర్తించే భాషా అమరిక) లేకపోవడం. టీమక్స్‌ను -యు తో నడిపితే తేలుతుంది.

తెర చెడినప్పుడు చూడాల్సిన వరుస

మొదట టీమక్స్ బయట, తర్వాత లోపల ఎస్‌టీటీవై సైజ్ నడపాలి. అది వరుసలు, కాలమ్‌లు చెబుతుంది. ఒకే పేన్ ఉన్నప్పుడు కాలమ్‌లు రెండు చోట్లా ఒకటే కావాలి, వరుసలు లోపల ఒకటి తక్కువ, అది స్టేటస్ పట్టీకి పోయేది. బయటే తప్పు చూపిస్తే కబురు ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరో అంతకుముందో ఆగింది. సీరియల్ కేబుల్‌తో తగిలించిన బోర్డుల్లో సైజు కబురు వచ్చే దారే ఉండదు, అక్కడ ఎస్‌టీటీవైకి వరుసలు, కాలమ్‌లు చేత్తో ఇవ్వాలి. బయట సరిగా ఉండి లోపల తేడా ఉంటే లిస్ట్-క్లయింట్స్ చూడాలి. మర్చిపోయిన ఫోనో, ల్యాబులో లాగౌట్ కాని కంప్యూటరో అక్కడ దాని సైజుతో సహా బయటపడుతుంది. అంకెలన్నీ కుదిరి తెర మాత్రమే చెడితే ప్రిఫిక్స్ తర్వాత ఆర్ నొక్కితే టీమక్స్ అంతా మళ్లీ గీస్తుంది. ప్రాంప్ట్ దయ్యాలకు కంట్రోల్-ఎల్ చాలు.

పోకూడని అవుట్‌పుట్ అయితే తెర చరిత్రను నమ్ముకోవడం సరికాదు. పైప్-పేన్ పెడితే ప్రోగ్రామ్ పంపిన బైట్లు పంపినట్టే ఫైల్‌లోకి వెళతాయి. పేన్ 45 కాలమ్‌లున్నా 160 ఉన్నా ఆ ఫైల్‌లో 110 అక్షరాల నమోదు ఒకే లైనుగా ఉంటుంది. రంగుల సంకేతాలు కూడా అందులో పడతాయి కాబట్టి చదివేముందు వాటిని వడకట్టుకోవాలి.